పేపర్లో మా మేనకోడలి ఫొటో: ఆర్టీఈ సీటు వస్తే వార్త ఇలాగే రాయాలా?

మేనమామ_మాట
మా అక్క కూతురికి 2023లో ఆర్టీఈ (విద్యా హక్కు చట్టం) కింద ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి సీటొచ్చింది. బావ ఆటో నడుపుతాడు. లాటరీలో పేరొచ్చిన వారానికి లోకల్ విలేకరి ఒకాయన ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. పేపర్లో పడతామంటే ఎవరికి చేదు? బావ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వేసుకున్నాడు. ఫొటోగ్రాఫర్ చూసి "ఇది కాదండీ, ఖాకీది లేదా?" అన్నాడట. బావ లోపలికెళ్లి ఉతకడానికి పడేసిన ఖాకీ చొక్కా మళ్లీ తొడుక్కొచ్చాడు. పాప కొత్త బూట్లు వేసుకుంటే అవీ విప్పించి గుమ్మంలో నిలబెట్టారు. మర్నాడు జిల్లా పేజీలో "ఆటోవాలా ఇంట కార్పొరేట్ చదువు" అని హెడ్డింగు. పాప పేరు, వీధి పేరు, స్కూలు పేరు, అన్నీ వేసేశారు.

అప్పుడు మేమూ మురిసిపోయాం, అబద్ధమెందుకు. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాం. ఇప్పుడు పాప మూడో తరగతి. క్లాసులో ఒకబ్బాయి వాళ్లమ్మ ఫోన్లో ఆ వార్త చూశాడు. అప్పట్నుంచి పాప పేరు "ఫ్రీ సీటు". ఇంటికొచ్చి ఫ్రేమ్ దింపేదాకా అన్నం తినలేదు.

ఎవరినో తిట్టాలని కాదు. ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకిచ్చే ఈ 25 శాతం సీట్ల గురించి మన పేపర్లు, టీవీలు ఎప్పుడూ ఒకే రకంగా ఎందుకు రాస్తాయో తెలుసుకోవాలని ఉంది. మీడియావాళ్లుంటే చెప్పండి.

రెండో_బెంచి
ఖాకీ చొక్కా, బూట్లు లేని పాప, గుమ్మం. గ్లిజరిన్ ఒక్కటే తక్కువ.

పలకాబలపం
నవ్వొచ్చింది కానీ కడుపు మండింది కూడా. మా వాడిదీ ఆర్టీఈ సీటే. ఫొటో బాధ తప్పింది, ఎందుకంటే ఆ రోజు మేం ఊళ్లో లేం. వివరంగా రాత్రికి రాస్తా.

డెస్కు_మాజీ
జిల్లా ఎడిషన్ డెస్కులో పదకొండేళ్లు చేశాను, ఇప్పుడు మానేశాను. ఆ ఖాకీ చొక్కా నాకు ఆశ్చర్యం కాదు. నేనే ఫోన్ చేసి "ఫొటోలో పేదరికం కనపడట్లేదు, మళ్లీ తీసి పంపు" అన్న రోజులున్నాయి. సిగ్గుపడే చెబుతున్నా.

ఆర్టీఈ వార్త డెస్కుకి మూడు రకాలుగా వస్తుంది. ఒకటి నోటిఫికేషన్. డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి ప్రెస్ నోటు వస్తుంది, దాన్ని కాస్త కత్తిరించి "దరఖాస్తుకు నేడే ఆఖరు" అని వేస్తాం. రెండోది ఇదిగో, మీ ఇంటికొచ్చినది. మూడోది గొడవ, అంటే సీటివ్వలేదని స్కూలు గేటు ముందు ధర్నా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ మూడూ తిరుగుతుంటాయి. జులై వచ్చిందంటే వానలు, ఎరువులు, డెంగీ. ఇక ఆ పిల్ల స్కూల్లో ఉందో, మధ్యలో మానేసిందో అడిగే దిక్కుండదు. అక్టోబర్లో ఒక ఆర్టీఈ పిల్ల తరగతి గదిలో ఎక్కడ కూర్చుంటోందో వెళ్లి చూసిన కంట్రిబ్యూటర్ని (ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరిని) నా సర్వీసులో చూడలేదు. వెళ్లడానికి వాడికి పెట్రోలు డబ్బులు ఎవరిస్తారు?

ఇంకో సంగతి. అదే ఏప్రిల్, మే, జూన్ స్కూళ్ల యాడ్ల సీజన్. కంట్రిబ్యూటర్‌కి వార్త ఎంత ముఖ్యమో యాడ్ టార్గెట్ అంతకంటే ముఖ్యం. ఒకసారి మా టౌన్లో ఒక స్కూలు ఆర్టీఈ లిస్టు పట్టుకొచ్చిన తల్లిని రిసెప్షన్ దాటనివ్వలేదు. మంచి వార్త, పూర్తి వివరాలున్నాయి. సాయంత్రం ఆరింటికి యాడ్స్ మేనేజర్ డెస్కుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు, ఏమీ అనలేదు, కూర్చున్నాడంతే. మర్నాడు ఆరు లైన్లు వచ్చాయి, స్కూలు పేరు "ఓ ప్రైవేటు పాఠశాల".

గుక్కతిప్పని_గొంతు
ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు, మూడు మూడు మూడు, నాలుగు నాలుగు... టీవీలో కాలేజీ ర్యాంకుల యాడ్ ఇలా గుక్కతిప్పకుండా చదివే ఆయన్ని కూడా ఏదో ఒక కోటాలో బళ్లో చేర్పించండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్పుతారు.

రెండో_బెంచి
@గుక్కతిప్పని_గొంతు ఆయనకి ర్యాంకు రాలేదు పాపం, అందుకే గొంతు ఇచ్చారు.

బడ్జెట్_బడి
నాకు చిన్న స్కూలుంది. మండల కేంద్రంలో అద్దె బిల్డింగు, 230 మంది పిల్లలు. నేను చెప్పేది కూడా వినండి. పేపర్లో ఎప్పుడు చూసినా "కార్పొరేట్" అంటారు. ఏం కార్పొరేట్? నా స్కూల్లో ఏసీ లేదు, ఫ్యాన్లే రెండు తిరగవు. ఆర్టీఈ పిల్లలు ఎక్కువగా వచ్చేది మా లాంటి చోటికే. వార్తలో మాత్రం పెద్ద బిల్డింగు ఫొటో పెట్టి, విలన్లుగా మమ్మల్ని రాస్తారు.

డబ్బు సంగతి ఎవరూ రాయరు. చట్టంలో సెక్షన్ 12(2) ఏం చెబుతోంది? ప్రభుత్వం తన బళ్లో ఒక్కో పిల్లకి ఎంత ఖర్చు పెడుతుందో అంతగానీ, మా ఫీజుగానీ, ఏది తక్కువైతే అది మాకు తిరిగివ్వాలి. ఆంధ్రలో 2023 జీవోలో ఏడాదికి పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 అని పెట్టారు. టీచర్ జీతాలు, అద్దె, కరెంటు దాంట్లోంచే. "సీటు నిరాకరణ" అని పెద్దక్షరాల్లో వేసే ముందు ఈ మూడు అంకెలు కూడా పక్కన వేస్తే జనానికి అర్థమవుతుంది కదా.

పలకాబలపం
@బడ్జెట్_బడి గారూ, ఆ అంకెలు మీకు తక్కువేమో, మాకు మాత్రం అవి "ఫ్రీ" కాదు. పేపర్లో రాయనిది అదే. 2023 జీవో ప్రకారం ఆ ఫీజు కట్టాల్సింది మేమే, అమ్మ ఒడి డబ్బులోంచి, అదే, పిల్లల్ని బడికి పంపే తల్లులకి అప్పటి ప్రభుత్వం ఇచ్చిన సాయం. అంటే ప్రభుత్వం ఒక చేత్తో తల్లి ఖాతాలో వేస్తుంది, తల్లి తీసుకెళ్లి స్కూల్లో కడుతుంది, పేపర్లో మాత్రం "ఉచిత ప్రవేశం". అమ్మ ఒడి అందరికీ ఉంది కదా, పక్కింటి పిల్లకి వచ్చినా వాళ్లు ఇంట్లో ఖర్చుకి వాడుకున్నారు. మరి నాకు ఫ్రీ ఎక్కడ?

2024లో ప్రభుత్వం మారింది, అమ్మ ఒడి ఆగిపోయింది. దాని బదులు తల్లికి వందనం మొదలయ్యేసరికి 2025 జూన్. మధ్యలో ఆ ఏడాదంతా స్కూల్ నుంచి ఫోన్లు. "మేడం, మీది ఆర్టీఈ కదా, ఇంకా పడలేదా?" అని. ఆఫీసు రూములో నలుగురు పేరెంట్స్ ఉండగానే అడిగేది ఆవిడ. పుస్తకాలకి వేరే, వ్యాన్‌కి వేరే, యాన్యువల్ డేకి డాన్సు డ్రెస్సుకి వేరే. మా వాడు ఆ ఏడు డాన్సులో లేడు. "జ్వరం" అని చీటీ రాసిచ్చాను.

ఇది వార్త కాదా? ఇదెవరూ రాయరు.

బడ్జెట్_బడి
@పలకాబలపం అమ్మా, నలుగురిలో అడగడం తప్పే. మా దగ్గర అలా చెయ్యం. కానీ మాకూ జీతాలివ్వాల్సిన ఒకటో తారీఖు ఆగదు. మిమ్మల్ని మమ్మల్ని కొట్టుకోమని వదిలేసి మధ్యలోంచి తప్పుకున్నదెవరో ఆలోచించండి.

పలకాబలపం
అది ఒప్పుకుంటా. కానీ కొట్టుకున్నప్పుడు చీటీ రాసేది మాత్రం నేనే.

లా_మూడో_ఏడాది
హెడ్డింగుల్లో క్రియలు గమనించారా? సీట్లు "ఇచ్చారు", "కేటాయించారు", "పంచారు", "వరించింది". లాటరీ కాబట్టి "అదృష్టం" అనే మాట కూడా తప్పకుండా ఉంటుంది. ఎక్కడా "హక్కు" కనిపించదు. చట్టం పేరులోనే హక్కు ఉంది మరి! 2009 చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 12(1)(సి) ప్రకారం ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు స్కూలు కూడా మొదటి తరగతిలో కనీసం 25 శాతం సీట్లు చుట్టుపక్కల ఉండే పేద, వెనకబడిన వర్గాల పిల్లలకి ఇచ్చి, ఎనిమిదో తరగతి దాకా చదివించాలి. ప్రైవేటు స్కూళ్లు సుప్రీంకోర్టుకి వెళ్తే 2012 ఏప్రిల్ 12న ఇద్దరు జడ్జిలు చట్టం చెల్లుతుందన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. 2014లో రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థల్ని మొత్తంగా మినహాయించింది.

ఇంకోటి, ఈ థ్రెడ్‌కి బాగా సంబంధించినది. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లో ఈ పిల్లల్ని తరగతి గదిలో వేరుగా కూర్చోబెట్టకూడదు, వాళ్లకి వేరే చోట వేరే టైములో క్లాసులు పెట్టకూడదు, పుస్తకాలు, యూనిఫాం, ఆటల్లో తేడా చూపకూడదు అని స్పష్టంగా ఉంది. స్కూలుకి చెప్పిన ఆ మాట పేపరుకి వర్తించదనుకోండి, కానీ మేనమామ_మాట గారి పాపని వేరుచేసింది ముందుగా పేపరే కదా. స్కూల్లో అడుగుపెట్టకముందే.

మేనమామ_మాట
ఈ చివరి ముక్క మా బావకి చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు.

హన్మకొండ_హరిత
మీకు కనీసం తప్పుగానైనా రాశారు. మా తెలంగాణలో చట్టం వచ్చిన తర్వాత పదేళ్లకి పైగా ఈ 25 శాతం అమలే కాలేదు. కోర్టులో కేసులు నడిచాయి, అధికారులు గురుకులాలు ఉన్నాయి కదా అన్నారు, రోజులు గడిచాయి. దాని మీద లోపలి పేజీలో సింగిల్ కాలమ్ వార్తలు తప్ప నాకేం గుర్తులేదు. జరిగిన దానికి ఫొటో ఉంటది. జరగని దానికి ఫొటో ఎట్లా తీస్తారు?

డెస్కు_మాజీ
@హన్మకొండ_హరిత కరెక్టుగా చెప్పారు. "ఈ ఏడు కూడా అమలు కాలేదు" అని వార్త పంపితే ఎడిషన్ ఇన్‌చార్జి అడిగే మొదటి ప్రశ్న "ఇవాళే ఎందుకు?" దానికి జవాబుండదు.

సింగిల్_టీచర్
ప్రభుత్వ టీచర్ని. ఒకటి నుంచి ఐదు దాకా నేనొక్కడినే. మీరంతా పేపరు పేదవాణ్ని ఎలా చూపించిందో మాట్లాడుతున్నారు. మమ్మల్ని ఎలా చూపించిందో ఎవరికీ పట్టలేదు. "ఆటోవాలా ఇంట కార్పొరేట్ చదువు" అంటే అర్థమేంటి? ఇన్నాళ్లూ ఆ ఇంట్లో చదువు లేదనేగా? ఆ పాప నా బళ్లో చేరితే వార్త అయ్యేదా? మా ఊళ్లో ఐదుగురు పిల్లలు ఆర్టీఈ సీట్లకి వెళ్లారు. చెడ్డగా కాదు గానీ, ఐదుగురు పోతే మా బడి సంఖ్య పడిపోతుంది, రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యని బట్టి బళ్లనీ టీచర్లనీ సర్దడం) అంటారు, పక్క బళ్లో కలిపేస్తారు. బడి మూతపడిన రోజు మళ్లీ ఒక ఫొటో వేస్తారు, తాళంతో.

కర్ణాటక 2018 చివర్లో రూలు మార్చింది. దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు స్కూల్లో ఈ సీట్లు ఉండవని. మహారాష్ట్ర కూడా 2024 ఫిబ్రవరిలో అలాగే చేసింది. దాన్ని "పేదల నోట మట్టి" అని రాసినవాళ్లు, ప్రభుత్వ బడిని బతికించడానికి ఒక ప్రయత్నం అనే కోణం ఒక్క వాక్యం రాయలేదు.

లా_మూడో_ఏడాది
@సింగిల్_టీచర్ సార్, సగమే చెప్పారు. మహారాష్ట్ర రూలుని బాంబే హైకోర్టు 2024 జులైలో కొట్టేసింది, మూల చట్టానికి విరుద్ధమని. పైగా ప్రభుత్వ బడి బతకాలంటే పేదవాళ్ల పిల్లలే అక్కడ ఉండి తీరాలనడం ఏం న్యాయం? మీ పిల్లలు ఎక్కడ చదివారు?

సింగిల్_టీచర్
పెద్దది నా బళ్లోనే, నా దగ్గరే. చిన్నవాడు ప్రైవేటు. మా ఆవిడ మాట. ఇప్పుడు నవ్వుకోండి.

రెండో_బెంచి
సార్, మీ ఇంట్లో 50 శాతం రిజర్వేషన్ అమలవుతోంది. చట్టం కంటే రెట్టింపు.

లెక్కల_పిచ్చోడు
ఇంత దూరం వచ్చాం కాబట్టి ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చెప్తా. "ప్రైవేటు సీటు దొరికింది, జీవితం మారింది" అనే కథని మన దగ్గరే పరీక్షించి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి, ఐదు జిల్లాల్లో 180 ఊళ్లలో. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేశారు. ప్రభుత్వ బళ్లలో చదివే పిల్లల దగ్గర దరఖాస్తులు తీసుకుని, లాటరీ వేసి, గెలిచినవాళ్లకి ప్రైవేటు స్కూలు ఫీజు కట్టారు. నాలుగేళ్లు చూశారు. 2015లో అచ్చయింది.

ఫలితం: తెలుగులో, లెక్కల్లో లాటరీ గెలిచినవాళ్లకీ ఓడినవాళ్లకీ తేడా లేదు. హిందీలో మాత్రం గెలిచినవాళ్లు బాగా ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ ప్రైమరీ బళ్లలో హిందీ చెప్పరు. ఇది విని సింగిల్_టీచర్ గారు విజిల్ వేసేలోపు రెండో సగం. ప్రైవేటు స్కూళ్లు ఆ పని ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువలో చేశాయి, అదీ తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైము కేటాయించి. అంటే ఎవరి హెడ్డింగు వాళ్లు వేసుకోవచ్చు. "ప్రైవేటులో చదివినా ఫలితం శూన్యం" అనీ వేయొచ్చు, "మూడో వంతు ఖర్చుకే అదే చదువు" అనీ వేయొచ్చు. రెండూ తప్పు కాదు, రెండూ సగమే.

నాకు అందులో నచ్చింది ఇంకొకటి. ఈ పిల్లలు వచ్చి చేరినందువల్ల ప్రైవేటు స్కూల్లో ముందునుంచీ ఉన్న పిల్లల మార్కులు తగ్గలేదు. వీళ్లు వెళ్లిపోయినందువల్ల ప్రభుత్వ బళ్లో మిగిలినవాళ్ల మార్కులూ తగ్గలేదు.

సింగిల్_టీచర్
విజిల్ సగమే వేస్తున్నా. ఖర్చు తక్కువ అంటే టీచర్‌కి జీతం తక్కువ అని కూడా చదువుకోండి.

బడ్జెట్_బడి
నేను మిగతా సగం వేస్తున్నా.

సినిమా_సోది
పేపర్లనే ఎందుకనాలి, సినిమా చూడండి. ఈ సీట్ల మీద దేశంలో అందరికీ గుర్తున్న సినిమా 2017లో వచ్చిన హిందీ మీడియం. ఇర్ఫాన్ ఖాన్ డబ్బున్న బట్టల వ్యాపారి. కూతురికి పెద్ద స్కూల్లో మామూలుగా సీటు రాక, పేదవాడిలా వేషం వేసి పేదల కోటాలో కొట్టేస్తాడు. నాకు సినిమా ఇష్టమే. ఇర్ఫాన్ ఉంటే ఏదైనా ఇష్టమే. కానీ ఆలోచించండి, పేదవాళ్ల సీట్ల మీద కథ, అందులో హీరో డబ్బున్నవాడు. పక్కింటి నిజమైన పేదవాడు వీళ్ల పిల్ల ఫీజు డబ్బు కోసం కారు కింద పడతాడు. సొంత కొడుక్కి సీటు రాదు. చివర్లో స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని స్పీచ్ ఇచ్చేదెవరు? మళ్లీ హీరోనే.

గుక్కతిప్పని_గొంతు
పేదవాడికి మైకిస్తే ఇంటర్వెల్ దాకా దిగడని భయం.

పలకాబలపం
ఆ సినిమా వచ్చాక నాకు జరిగింది చెప్పనా? సీటు కోసం రేషన్ కార్డు, ఆధార్, కులం సర్టిఫికెట్ అన్నీ ఇచ్చాక స్కూల్లో ఒకావిడ నా చెవి దుద్దుల వంక చూసి "మీరు నిజంగా ఆ కేటగిరీయేనా?" అంది. గిల్టువి అవి. ఆదాయం పట్టణంలో లక్షా 44 వేల లోపుండాలని రూలుంది, దుద్దులు ఉండకూడదని లేదు. సినిమావాళ్ల ఉద్దేశం వేరే అయి ఉండొచ్చు. కానీ చూసినవాళ్లకి మిగిలిందేంటి? కోటాలో వచ్చేవాళ్లంతా దొంగ సర్టిఫికెట్లేనని.

అంటే పేదగా కనపడకపోతే దొంగ. పేదగా కనపడితే ఫొటో.

మేనమామ_మాట
@పలకాబలపం ఖాకీ చొక్కా ఎందుకు కావాల్సొచ్చిందో ఇప్పుడర్థమైంది. అది మా బావ ఆదాయం సర్టిఫికెట్టు.

ఢిల్లీలో_తెలుగోడు
నేను ఇరవై ఏళ్లుగా ఢిల్లీలో ఉంటున్నా. ఇక్కడ ఈ చట్టానికి ముందే, 2007 నుంచి, పెద్ద ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకి సీట్లివ్వాలని వచ్చింది, ప్రభుత్వ భూమి చౌకగా తీసుకున్నందుకు. అప్పట్లో ఇంగ్లిష్ టీవీ చర్చలు నాకింకా గుర్తు. అడిగే ప్రశ్న ఒక్కటే, "ఈ పిల్లలు ఆ వాతావరణంలో ఇమడగలరా?" తల్లిదండ్రుల మీటింగులో అయితే ఇంకా మోటుగా, "మా పిల్లలకి బూతులు వస్తాయి" అని. మా అబ్బాయికి బూతులు వచ్చింది మా అపార్ట్‌మెంటు క్రికెట్లో, స్కూల్లో కాదు.

గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త ఆ ప్రశ్నని తిరగేశారు. ఢిల్లీ స్కూళ్లలో పేద పిల్లలతో కలిసి చదివిన డబ్బున్న పిల్లలు ఏమయ్యారని చూశారు. 2019లో అచ్చయింది. వాళ్లలో ఇచ్చే గుణం పెరిగింది, పేద పిల్లల మీద వివక్ష తగ్గింది. రిలే పందెంలో జట్టు ఎంచుకోమంటే, పేదవాడైనా బాగా పరిగెత్తేవాణ్ని ఎంచుకున్నారు. మార్కుల్లో ఇంగ్లిష్‌లో కాస్త తగ్గింది, హిందీ, లెక్కల్లో తేడా లేదు. మన టీవీలో దీని మీద చర్చ పెట్టరు, ఎందుకంటే కొట్టుకోవడానికి ఎవరూ దొరకరు.

లెక్కల_పిచ్చోడు
ఆ పేపరు నేనూ చదివా, బాగుంటుంది. కానీ అది కూడా చివరికి "పేద పిల్లల వల్ల డబ్బున్న పిల్లలకి లాభం" అనే లెక్కే కదా. పేద పిల్ల మళ్లీ ఇంకొకరికి పాఠం.

ఢిల్లీలో_తెలుగోడు
నిజమే. నేనలా చూడలేదు.

బాలు_హాస్టల్
చాలాసేపట్నుంచి చదువుతున్నా. నేను బెస్ట్ అవైలబుల్ స్కూల్ స్కీములో చదివినవాణ్ని, ఉమ్మడి రాష్ట్రంలో. ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని డ్రా తీసి ప్రైవేటు స్కూల్లో చేర్చి ప్రభుత్వం ఫీజు కట్టేది. మూడో తరగతి నుంచి హాస్టల్లో ఉన్నా.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. విలేకర్లు వచ్చారు. ఏం అడిగారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. నాన్న ఏం చేస్తారు, ఇంట్లో కరెంటు ఉందా, రోజుకి ఎన్ని గంటలు చదివావు, ఎవరికి కృతజ్ఞతలు చెప్తావు. కరెంటు ఉంది అన్నా. ఆయన ముఖం చిన్నబోయింది. ఇంట్లో టీవీ కూడా ఉందని చెప్పలేదు, పాపమనిపించి. మర్నాడు "దీపం వెలుగులో విద్యా కుసుమం" అని వేశారు.

వాళ్లు నన్ను ఏం అడిగి ఉంటే బాగుండేదంటే, ప్రభుత్వం నుంచి బిల్లులు రాలేదని శనివారం మధ్యాహ్నం మెస్సులో మాకు వేరే బంతి పెట్టేవారు, అది అడగాల్సింది. ఫీజు కట్టే పిల్లలు తిన్నాక మేం. అయితే అదే స్కూల్లో మా లెక్కల సార్ ఒకాయన రోజూ మాతోనే కూర్చుని తినేవారు, ఎవరికీ ఏమీ చెప్పకుండా. ఆ రెండూ ఒక్క బళ్లోనే జరిగాయి. స్కూలు మంచిదా చెడ్డదా అంటే నాకు చెప్పడం రాదు. పేపర్లో ఏదో ఒకటే పడుతుంది.

సింగిల్_టీచర్
@బాలు_హాస్టల్ ఇప్పుడేం చేస్తున్నావు బాబూ?

బాలు_హాస్టల్
బ్యాంకులో సార్. ఇప్పటికీ అందరూ తిన్నాకే తింటా, అలవాటైపోయింది.

హన్మకొండ_హరిత
ఆ స్కీము మా దగ్గర ఇంకా ఉంది. 2025లో బకాయిలు రాలేదని స్కూళ్లు పిల్లల్ని రానివ్వకపోతే తల్లిదండ్రులు రోడ్డెక్కారు. అప్పుడు మాత్రం కెమెరాలొచ్చాయి. డెస్కు_మాజీ గారి మూడో రకం.

డెస్కు_మాజీ
బాలు గారి పోస్టు చదివాక నా పాత హెడ్డింగులు తిరగేశా. "మట్టిలో మాణిక్యం" నేనే ఎన్నిసార్లు పెట్టానో లెక్కపెట్టడం మధ్యలో ఆపేశా.

@మేనమామ_మాట పనికొచ్చే ముక్క ఒకటి. ఆ పేపరు వెబ్ డెస్కుకీ ఎడిటర్‌కీ కలిపి మెయిల్ పెట్టండి. లింకు, తేదీ, పేజీ ఇచ్చి, పాప పేరు, ఫొటో తీసేయమని తల్లిదండ్రుల పేరుతోనే అడగండి. కోపంగా రాయొద్దు. "క్లాసులో పాపని ఏడిపిస్తున్నారు" అని ఉన్నదున్నట్టు రాయండి. ఈ-పేపర్ మార్చరు, వెబ్ వార్త మారుస్తారు. వారంలో జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి. మొదటి మెయిల్ ఎవరూ చదవరు, నా అనుభవం.

బడ్జెట్_బడి
స్కూలు వాళ్లతో కూడా మాట్లాడండి. క్లాస్ టీచర్‌తో కాదు, నేరుగా ప్రిన్సిపాల్‌తో. మా దగ్గర హాజరు పట్టీలో ఒకప్పుడు ఆర్టీఈ పేర్ల పక్కన ఎర్ర చుక్క పెట్టేవాళ్లం, లెక్క చూసుకోవడానికి సులువని. ఒకరోజు రెండో తరగతి పిల్ల ఒకతి "సార్, నాకెందుకు బొట్టు పెట్టారు?" అని అడిగింది. మర్నాటికి తీసేయించా. మీ పాప స్కూల్లో కూడా ఇలాంటి చుక్క ఏదైనా ఉందేమో చూడండి, పేపర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు.

పలకాబలపం
ఇన్ని పోస్టుల్లో మీతో ఇప్పుడు పూర్తిగా ఒప్పుకుంటున్నా.

మేనమామ_మాట
మూడు వారాల తర్వాత అప్‌డేట్. రెండో మెయిల్‌కి జవాబొచ్చింది. వెబ్‌లో పాప పేరు, ఫొటో తీసేశారు. హెడ్డింగు అలాగే ఉంది. ఫొటో ఉన్న చోట ఇప్పుడు ఒక స్కూల్ యాడ్ వస్తోంది, నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ప్రిన్సిపాల్ మేడం బాగానే మాట్లాడారు. ఆ అబ్బాయి పక్కనే మా పాపని కూర్చోబెట్టారట, ఇప్పుడు ఇద్దరూ కలిసి మూడోవాడిని ఏడిపిస్తున్నారని కంప్లయింట్ వచ్చింది.

అన్నట్టు బావ రెండోవాడికి కూడా సచివాలయంలో ఆర్టీఈ దరఖాస్తు పెట్టాడు. సీటొస్తే పేపర్ వాళ్లు మళ్లీ వస్తారేమో, ఏం చేయమంటావు అని అడిగాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి ఉంచుకో, ఖాకీది తడిపి పెట్టు అన్నా.